లోపలికి తెరుచుకునే తలుపు

పోయినవారం చిన్నమ్మను ఆసుపత్రి మెట్ల మీద వదిలేసి వచ్చాం. ఆమె చేతిలో పత్రిక ఉంది, పత్రిక మొదటి పేజీలో ఒక ఉత్తరం నకలు ఉంది, ఆ ఉత్తరం కింద ఆమె అన్నయ్య సంతకం ఉంది. అక్కణ్ణించి ఇంటికి ఎలా చేరిందో, అన్నం తిన్నదో లేదో నన్నడక్కండి, ఆమెకే గుర్తు లేదు. కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళకి జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టాలి.

అన్నయ్యను ఊరంతా తలుపులాయన అంటారు. వడ్రంగి కొడుకు. తండ్రి పోయేసరికి అతనికి మిగిలింది ఒక రేకుల షెడ్డు, రెండు చిత్రికలు, తనకంటే ఏడేళ్ళు చిన్నదైన చెల్లెలు. ఇరవై ఏళ్ళు తిరక్కుండా ఆ షెడ్డును అరవైమంది పనిచేసే తలుపుల కార్ఖానా చేశాడు. మొదటిసారి వార్డుకు పోటీ చేసినప్పుడు ఒక్క ఉపన్యాసమైనా ఇవ్వలేదు. అవి వానలు పడుతున్న రోజులు, చెక్క తలుపులు తేమకి ఉబ్బి గుమ్మాల్లో బిగుసుకుపోయే రోజులు. ఆరుగురు వడ్రంగుల్ని ఇంటింటికీ పంపాడు. ఎవరు చేసిన తలుపైనా సరే, బిగుసుకుపోతే చిత్రిక పట్టి వదులు చేసి రండి, ఓటు మాట మాత్రం ఎత్తకండి అన్నాడు. పోలింగు రోజున జనం ఆ తలుపుల్ని ఒక్క వేలితో లాగి, బయటికొచ్చి, ఇతనికి ఓటేసి వెళ్ళారు. వార్డు నుంచి మునిసిపాలిటీ చైర్మన్ కుర్చీకి, అక్కణ్ణించి శాసనసభకు. ఇప్పుడు మంత్రి పదవి గుమ్మం దాకా వచ్చింది. గురువారం ప్రమాణస్వీకారం. మన కథలో ఈరోజు మంగళవారం.

పది రోజుల కిందట, నాలుగు నెలల క్రితం ఇతనే కట్టించి ప్రారంభోత్సవం చేయించిన కుట్టుశిక్షణ కేంద్రంలో ఒక వైరు కాలి హాలంతా పొగ కమ్మింది. మంట లేదు, ఉత్త పొగ. లోపల యాభై ఏడుమంది ఆడవాళ్ళు. అందరూ ఒక్కసారిగా తలుపు దగ్గరికి వచ్చి బయటికి తోశారు. ఆ తలుపు బయటికి తెరుచుకోదు, లోపలికి లాగాలి. వెనకనుంచి యాభైమంది తోస్తుంటే ముందున్నవాళ్ళు లోపలికి ఎలా లాగుతారు? పద్నాలుగుమంది ఆసుపత్రి పాలయ్యారు. అందరికంటే ముందు తలుపు దగ్గరికి చేరిన గుండీలక్క ఆ తలుపు దగ్గరే ఊపిరాడక పోయింది. చొక్కాలకు గుండీలు కుట్టుకుని బతికే ఆవిడకు ఆ కేంద్రంలో చోటిప్పించమని సిఫార్సు ఉత్తరం టైపు చేసిచ్చింది చిన్నమ్మే. ఈ పది రోజులుగా ఆమెకు నిద్ర లేకపోవడానికి అది ఒక కారణం. రెండో కారణం, హాలుకు లోపలికి తెరుచుకునే తలుపు చాలని మునిసిపల్ ఇంజనీరుకు తలుపులాయన లెటర్‌హెడ్ మీద వెళ్ళి, నాలుగు రోజుల కిందట పత్రికలో బయటపడిన ఆ రెండో ఉత్తరం. అది ఎవరు టైపు చేశారన్నదే ఇప్పుడు ప్రశ్న.

సరే, ఇక ఆ మంగళవారం ఉదయంలోకి వెళ్దాం.

చిన్నమ్మ రోజూ తొమ్మిదింటికి ఆఫీసుకు వచ్చి, తనే తాళం తీసి, తనే కిటికీలు తెరుస్తుంది. ఆరోజు వచ్చేసరికి తాళం లేదు, కిటికీలు తెరిచే ఉన్నాయి, ఫ్యాను తిరుగుతోంది. ఆ గది ఆఫీసు అయిన పదకొండేళ్ళలో ఇలా జరగడం ఇదే మొదటిసారి. లోపల అన్నయ్య ఉన్నాడు, పక్కన ప్లీడరు ఉన్నాడు. అన్నయ్య తన కుర్చీలో కాకుండా, అర్జీలు పట్టుకొచ్చేవాళ్ళు కూర్చునే బల్లకి ఇవతలి కుర్చీలో కూర్చున్నాడు. అది చూడగానే ఆమె గుమ్మంలోనే ఆగింది. తన ఎదురుగా ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళంతా ఏదో ఒకటి అడగడానికి వచ్చినవాళ్ళే.

"రా అమ్ములూ. టీ తాగావా?" అన్నాడు అన్నయ్య.

అమ్ములు అన్నాడంటే పని పడిందన్నమాట. మామూలు రోజుల్లో ఆయనకి ఆమె పేరు కూడా గుర్తుండదు, "ఏమోయ్" అంటాడు, లేదా చిటికె వేస్తాడు.

ఆ ఆఫీసు ఒకప్పుడు కార్ఖానా వారి అమ్మకాల గది. గోడ పొడుగునా ఎనిమిది నమూనా తలుపులు ఇప్పటికీ నిలబెట్టే ఉన్నాయి. గుమ్మాలున్నాయి, రెక్కలున్నాయి, గడియలున్నాయి, వెనక మాత్రం ఉత్త గోడ. కొత్తగా వచ్చినవాళ్ళు బాత్‌రూమ్ అనుకుని వాటిలో ఒకటి తెరవడం, గోడను చూసి తెల్లమొహం వెయ్యడం వారానికి ఒకసారైనా జరుగుతుంది. చిన్నమ్మ నవ్వాపుకుని అసలు దారి చూపిస్తుంది. ఆరోజు ఆమెకి నవ్వు అనేది ఒకటుందన్న సంగతే గుర్తు లేదు.

ప్లీడరు ఒక కాగితం ఆమె ముందుకు జరిపాడు. "ఏం లేదమ్మా, చిన్న స్టేట్‌మెంటు. పదకొండింటికి విచారణ అధికారి వస్తున్నారు. ఆవిడ అడక్కముందే మనమే ఇచ్చేస్తే మర్యాదగా ఉంటుంది."

ఆమె చదివింది. ముందుగానే సంతకం చేసి ఉంచిన లెటర్‌హెడ్ మీద, శాసనసభ్యుడికి తెలియకుండా, పని ఒత్తిడిలో, తానే ఆ ఉత్తరం టైపు చేసి పంపినట్టు, అందుకు పూర్తి బాధ్యత తనదే అయినట్టు అందులో ఉంది. కింద ఆమె పేరు టైపు చేసి, పేరు పైన సంతకానికి చోటు వదిలారు.

ముందుగానే సంతకం చేసి ఉంచడమేమిటని మీకు అనిపించవచ్చు. ఇది కార్ఖానా రోజుల అలవాటు. తలుపులు లారీకెక్కి గేటు దాటాలంటే స్లిప్పు మీద యజమాని సంతకం ఉండాలి. యజమానేమో పొద్దున లేస్తే కొలతలు తీసుకోవడానికి ఊళ్ళమ్మట తిరిగేవాడు. లారీలు గేటు దగ్గర ఆగిపోయేవి, డ్రైవర్లు తిట్టిపోసేవాళ్ళు. అందుకని ప్రతి సోమవారం పొద్దున యాభై ఖాళీ స్లిప్పుల మీద గబగబా సంతకాలు గీకి చెల్లెలికిచ్చి వెళ్ళేవాడు. ఏ తలుపు ఎక్కడికెళ్ళాలో ఆమె నింపేది. అంతమంది పనివాళ్ళలో ఆయన నమ్మింది ఆమె ఒక్కదాన్నే. ఆమె చేతి మీదుగా ఒక్క తలుపు కూడా తప్పు ఇంటికి పోలేదు. రాజకీయాల్లోకి వచ్చాక స్లిప్పులు పోయి లెటర్‌హెడ్లు వచ్చాయి, సోమవారం మాత్రం సోమవారంగానే ఉండిపోయింది. తలుపుల వ్యాపారంలో పనికొచ్చిన పద్ధతి పరిపాలనలో ఎందుకు పనికిరాదు అనుకున్నారు అన్నాచెల్లెళ్ళు. ఎవరూ కాదని కూడా చెప్పలేదు.

"ఇది నేను టైపు చెయ్యలేదు అన్నయ్యా," అంది చిన్నమ్మ.

"చెయ్యలేదని ఎలా చెప్తావే? వారానికి యాభై ఉత్తరాలు కొడతావు. అన్నీ గుర్తుంటాయా నీకు?"

నిజం చెప్పొద్దూ, ఈ మాటే ఆమెని నాలుగు రాత్రుల నుంచి తినేస్తోంది. అర్జీలు పట్టుకుని జనం వరసలో నిలబడతారు, ఒకరి తర్వాత ఒకరికి టైపు చేసి ఇస్తూ పోతుంది. ఏ రోజు ఏ చేత్తో ఏం కొట్టిందో అని తనని తనే అనుమానించుకుంది. గుండీలక్క కూతురు ఆసుపత్రి వరండాలో తన చెయ్యి పట్టుకుని ఏడ్చినప్పుడు, ఆ చెయ్యి గబుక్కున వెనక్కి లాక్కోవాలనిపించింది.

"ఉత్తరం మళ్ళీ ఒకసారి చూపించండి," అంది ప్లీడరుతో.

ఆయన పత్రికలోంచి కత్తిరించిన ముక్క ఇచ్చాడు. అప్పటికి ఇరవైసార్లు చదివింది, అన్నిసార్లూ సంతకం దగ్గరే చూపు ఆగిపోయింది. ఈసారి కళ్ళజోడు తుడుచుకుని మొదటి అక్షరం నుంచి చదివింది. "ప్రస్తుతం అమర్చిన, లోపలికి తెరుచుకునే తలుపులు హాలుకు సరిపోతాయని ఈ రంగంలో నా అనుభవంతో ధ్రువీకరిస్తున్నాను. బయటికి తెరుచుకోవాలన్న నిబంధనపై పట్టుపట్టక ఆమోదించవలసింది."

ఆమె రెండుసార్లు చదివి ముక్క బల్ల మీద పెట్టింది. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి గుండె నిబ్బరంగా కొట్టుకుంది.

"ఇది నేను కొట్టింది కాదు. నా చేత్తో ఈ మాట రాదు అన్నయ్యా. ఎవరొచ్చి అడిగినా హాలుకి లోపలికి తెరుచుకునే తలుపా అని తిరిగి అడుగుతాను. నాన్న ఏం చెప్పేవాడో నీకు గుర్తులేదా?"

ఆయనకి గుర్తులేకపోవడమేమిటి? పదిమంది కూడే గదికి తలుపు బయటికే తెరుచుకోవాలని ఆ తండ్రి పని నేర్పిన మొదటి వారంలోనే చెప్పేవాడు. చిన్నమ్మకి ఏడేళ్ళప్పుడు, పద్నాలుగేళ్ళ అన్నయ్య ఆమె బొమ్మరింటికి మోకాలెత్తు తలుపు చేసిచ్చాడు, నిజం మడతబందులతో. అది బయటికి తెరుచుకునేది. ఎందుకలా అని అడిగితే, "నీ బొమ్మలు మూడున్నాయిగా, గుంపేగా మరి," అన్నాడు. ఆ తలుపు ఇప్పటికీ ఆమె అలమారలో ఉంది. బొమ్మలు లేవు.

ప్లీడరు గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఇంకో సంగతి. ఈ ఉత్తరం మీదున్న తారీకున సార్ అసలు ఊళ్ళోనే లేరు. రెండ్రోజుల ముందే రాజధానికి వెళ్ళారు. సాక్ష్యాలున్నాయి. కాబట్టి ఆరోజు లెటర్‌హెడ్ బయటికెళ్ళిందంటే ఈ గదిలోంచే వెళ్ళుండాలి."

ఆయన తెలివిగానే చెప్పాననుకున్నాడు పాపం. ఆ మాట వినగానే చిన్నమ్మకి ఆ ప్రయాణం కళ్ళముందు కదిలింది. కారు స్టార్టయ్యాక అన్నయ్య అద్దం దించి, "అక్కడ ఎవరైనా అడిగితే ఉంటాయి, ఓ పది కాగితాలియ్యి," అన్నాడు. ఆమె పరుగెత్తుకెళ్ళి సొరుగులోంచి పది లెటర్‌హెడ్లు లెక్కపెట్టి తెచ్చి కిటికీలోంచి అందించింది. తిరిగొచ్చాక ఏడు వెనక్కిచ్చాడు.

ఆమె అన్నయ్య మొహంలోకి చూసింది. ఆయన చూపు దించేశాడు.

"ప్లీడరుగారూ, మీరు కాసేపు బయట కూర్చుంటారా?" అంది ఆమె.

ప్లీడరు తలుపులాయన వైపు చూశాడు. తలుపులాయన తలాడించాడు. ప్లీడరు వెళ్ళి తలుపు దగ్గరికేశాడు.

"ఎందుకు రాశావు?" అంది చిన్నమ్మ.

అన్నయ్య నోరు విప్పాడు. వచ్చిన గొంతు ఆయనది కాదు. శాసనసభలో బల్లలు దద్దరిల్లేలా మాట్లాడే గొంతు ఎక్కడికో పోయి, షెడ్డులో తడబడుతూ మాట్లాడే ఇరవైయేళ్ళ కుర్రవాడి గొంతు వచ్చింది.

"రాయి," అన్నాడు.

"ఏం రాయి?"

"శిలాఫలకమే. పేర్లు చెక్కిన రాయి. తలుపు పక్కనే గోడలో పెట్టేశారు. పెట్టాక చూస్తే, తలుపు బయటికి తెరిస్తే రెక్క వెళ్ళి సరిగ్గా ఆ రాయి మీద పడుతోంది. పైన మన పార్టీ పెద్దాయన పేరుంది, కింద నా పేరుంది. పెద్దాయన వచ్చి తలుపు తెరవగానే రాయి మూసుకుపోతుంది. ఫొటోలో ఏముంటుంది, ఉత్త చెక్క ఉంటుంది."

"రాయిని అవతలి పక్కకి మార్చొచ్చుగా."

"మారిస్తే పగులుతుందన్నాడు మేస్త్రి. మళ్ళీ చెక్కించాలంటే వారం. పెద్దాయనొచ్చేది ఎల్లుండి. తలుపు తిప్పి బిగించడం ఎంతసేపు, ఒక పూట పని. తిప్పేయమని ఫోన్లో చెప్పాను. ఆ ఇంజనీరు ఒప్పుకోలేదు, కాగితం కావాలన్నాడు. గెస్ట్‌హౌస్‌లో టైపు చేయించి పంపించాను." ఆయన అరచేతులు మోకాళ్ళకి రుద్దుకున్నాడు. "ప్రారంభం అయిపోయాక మళ్ళీ బయటికి తిప్పించేద్దామనే అనుకున్నానే అమ్ములూ. ఒట్టు. మర్చిపోయాను. పనుల్లో పడి మర్చిపోయాను."

చిన్నమ్మకి ఒళ్ళు మండింది. ఎదుటివాడు దొంగైతే తిట్టొచ్చు. దుర్మార్గుడైతే మొహం మీద ఉమ్మొచ్చు. ఊళ్ళో ప్రతి ఇంటి తలుపూ ఎటు తెరుచుకుంటుందో తెలిసిన మనిషి, తన పేరు కనబడాలని ఒక తలుపును తిప్పేసి, ఆ సంగతి మర్చిపోయానంటే ఏమనాలి? ఏడుపు కూడా వచ్చింది. ఆమె ఏడవలేదు.

"గుండీలక్క పోయింది అన్నయ్యా. నీ చొక్కాలక్కూడా ఆవిడే గుండీలు కుట్టేది."

"తెలుసు."

"తెలిసే నామీద పెడుతున్నావా?"

ఆయన కుర్చీ ముందుకు లాక్కుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "విను. నామీద పడితే గురువారం పోతుంది, తర్వాత సీటూ పోతుంది, కార్ఖానా కూడా నిలబడదు. అరవై కుటుంబాలు. నీమీదైతే ఏమిటి, పొరపాటంటారు. నువ్వు ఉద్యోగస్తురాలివి కాదు, పదవిలో లేవు. ఆర్నెల్లు కోర్టు చుట్టూ తిరుగుతాం. నేను మంత్రినయ్యాక నీ కేసు ఎవడు పట్టించుకుంటాడు? నీకేం కానివ్వను. ఎప్పుడైనా కానిచ్చానా?"

ఇక్కడే వచ్చింది చిక్కు. ఎప్పుడూ కానివ్వలేదు. మొగుడు పోయి, రెండేళ్ళ పిల్లని చంకనేసుకుని ఆమె పుట్టింటికి వచ్చిననాడు, వదిన మొహం చిట్లించుకునేలోపే ఆయన కార్ఖానా తాళాల గుత్తి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "రేపట్నించి ఆ బల్ల నీది," అన్నాడు. ఒక్క జాలి మాట కూడా అనలేదు. ఆ పిల్ల చదువుకుంది, పెళ్ళి చేసుకుంది, పక్క వీధిలోనే కాపురముంటోంది. ఇప్పుడీ కాగితం మీద సంతకం పెడితే, ఆ పిల్ల ఊళ్ళో తలెత్తుకు తిరగలేదు. ఒక మనిషి ప్రాణం తీసిన ఉత్తరం రాసినావిడ కూతురని చెప్పుకుంటారు. పెట్టకపోతే, తాళాలు చేతిలో పెట్టిన ఆ మనిషిని తనే వీధిలో నిలబెట్టినట్టవుతుంది.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"సరేలే," అంది చివరికి. "ఆవిడ రానీ. నేనే చెప్తాను."

అన్నయ్య ఆమె తల మీద చెయ్యి వేశాడు. ఆయన కళ్ళు తడిశాయి. ఆ తడి అబద్ధమని నేను చెప్పను. మనుషులు అన్ని పనులూ ఒకేసారి చెయ్యగలరు.

పదకొండు కాకుండానే విచారణ అధికారి వచ్చింది. యాభై దాటిన మనిషి, చేతిలో చిన్న సంచి, వెంట ఎవరూ లేరు. బాత్‌రూమ్ ఎక్కడని అడిగి, ఎవరూ చెప్పకముందే నాలుగో నమూనా తలుపు తెరిచింది. గోడను కాసేపు చూసి, మళ్ళీ మెల్లగా మూసింది. "బయటికే తెరుచుకుందే," అంది ఎవరితోనూ కాకుండా.

ప్లీడరు కూడా మళ్ళీ లోపలికొచ్చి కూర్చున్నాడు. ఆవిడ కూర్చుని సంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో అసలు ఉత్తరం ఉంది, ఇంజనీరు ఫైల్లోంచి తెచ్చింది. పత్రికలో వచ్చింది ముందు వైపు మాత్రమే. ఆవిడ కవరును వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టింది.

పై మూలన, పెన్సిలుతో, సన్నగా ఒక అంకె. పద్నాలుగు వందల పన్నెండు.

చిన్నమ్మ ఆ అంకెను గుర్తుపట్టింది. కార్ఖానాలో గుమ్మానికీ దాని రెక్కకీ ఒకే అంకె వేస్తారు, ఒకదాని రెక్క ఇంకోదానికి బిగించకుండా. అంకె వెయ్యనిదే ఏదీ గేటు దాటనివ్వకూడదన్నది ఆమెకి ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. లెటర్‌హెడ్లు వచ్చిన మొదటి సోమవారమే వాటి వెనక కూడా, ఏడాదికోసారి ఒకటి నుంచి, అంకెలు వెయ్యడం మొదలుపెట్టింది. ఏ అంకె ఎవరికిచ్చిందో పచ్చ అట్ట పుస్తకంలో రాసుకుంటుంది. "మా చెల్లెలు కాగితాలకి కూడా గుమ్మాలనుకుని నంబర్లేస్తుందండీ," అని అన్నయ్య వచ్చినవాళ్ళ దగ్గర నవ్వేవాడు. ఇప్పుడు మర్చిపోయి ఉంటాడనుకుంది. మర్చిపోతాడని ఆమెకి నమ్మకం, తలుపే మర్చిపోయినవాడు.

"ఇదేమిటమ్మా?" అని అడిగింది అధికారి.

"ఆఫీసు గుర్తండీ. అన్నింటికీ వేస్తాను," అంది చిన్నమ్మ.

"ఏది ఎవరికి ఇచ్చారో ఎక్కడైనా రాస్తారా?"

"అబ్బే, అంత పద్ధతి ఎక్కడండీ," అన్నాడు అన్నయ్య వెంటనే. "ఊరికే వరస కోసం వేస్తుంది."

అధికారి ఆయన వైపు చూడలేదు, చిన్నమ్మ వైపే చూసింది. చిన్నమ్మ కాదనలేదు. ఆ మౌనం కూడా అబద్ధమేనని ఆమెకి తెలుసు. అన్నయ్య కోసం, ఆ తాళాల గుత్తి కోసం, దాన్ని మింగేసింది. ఇంక ఒక్క మెట్టు దిగితే చాలు, ఉత్తరం నేనే రాశానని చెప్పేస్తే చాలు, అయిపోతుంది.

"కాగితాలు పెట్టే సొరుగు చూపిస్తారా?" అంది అధికారి.

పచ్చ అట్ట పుస్తకం ఆ సొరుగులోనే ఉంది. లెటర్‌హెడ్ల కట్ట మీదే, తెరవగానే కంటబడేట్టు. నిన్న సాయంత్రం తాళం వేసేముందు తనే అక్కడ పెట్టింది. అధికారి దాన్ని తీసి తిప్పితే, పద్నాలుగు వందల పదకొండు నుంచి ఇరవై దాకా, పక్కన తన చేతిరాతతో "అన్నయ్యకి, ప్రయాణంలో" అని ఉంటుంది. ఇంత చేసీ అన్నయ్యను కాపాడలేకపోయానే అనుకుంటూ, నడుముకున్న తాళాల గుత్తి తీసి, తాళం తిప్పి, సొరుగు లాగింది.

లెటర్‌హెడ్ల కట్ట ఉంది. పెన్సిలు ఉంది. రబ్బరు ముద్ర ఉంది. పుస్తకం లేదు.

ఒక క్షణం ఆమెకి ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య అనుకుంది, నిజంగానే అనుకుంది. ఆ తర్వాత గానీ బుర్ర పనిచెయ్యలేదు.

ఆ సొరుగుకి తాళంచెవులు రెండే. ఒకటి ఇదిగో, తన చేతిలో. రెండోది అన్నయ్య ఇంట్లో మేకుకి తగిలించి ఉంటుంది, పదకొండేళ్ళలో ఎవరూ దాన్ని వాడలేదు. ఈ పొద్దున తను వచ్చేసరికే ఆఫీసు తెరిచి ఉంది.

అంటే ఆయన ఏమీ మర్చిపోలేదు. అమ్ములూ అని పిలవకముందే, చెయ్యి పట్టుకోకముందే, నీకేం కానివ్వను అనకముందే ఆ పుస్తకం తీసేశాడు. తనది కాదని రుజువు చెయ్యడానికి ఆమెకున్నది ఆ ఒక్కటే. ఆమె ఒప్పుకుంటుందో లేదో అడగడానికి కాదు ఆయన వచ్చింది. ఒప్పుకోకపోతే ఏం చెయ్యాలో కూడా ముందే చేసేసి వచ్చాడు.

ఆమె తలెత్తి చూసింది. అన్నయ్య గోడవైపు, ఆ ఎనిమిది తలుపులవైపు చూస్తున్నాడు.

ఒక్క మాట అడిగుంటే ఆమే ఆ పుస్తకం తెచ్చి ఆయన చేతిలో పెట్టేది. జీవితాంతం నోరెత్తేది కాదు. నామీద నమ్మకం లేదా అన్నయ్యా అని అరవాలనిపించింది. సోమవారం సోమవారం యాభై ఖాళీ కాగితాల మీద సంతకం పెట్టిచ్చిన మనిషి, ఒక్క పుస్తకం దగ్గర చెల్లెల్ని నమ్మలేకపోయాడు.

సొరుగు మూసి, వచ్చి తన కుర్చీలో కూర్చుంది. ప్లీడరు ఇచ్చిన స్టేట్‌మెంటు బల్ల మీద అలాగే ఉంది. దాన్ని బోర్లా తిప్పి, పైన పెన్ను పెట్టింది.

"మీరిందాక అడిగారుగా, రాస్తారా అని," అంది అధికారితో. "రాస్తానండీ. ప్రతి కాగితానికీ రాస్తాను. పచ్చ అట్ట పుస్తకం. నిన్న సాయంత్రం వరకూ ఆ సొరుగులోనే ఉంది."

"చెల్లాయ్," అన్నాడు అన్నయ్య.

"ఇప్పుడు లేదా?" అంది అధికారి.

"లేదండీ."

ప్లీడరు లేచి నిలబడ్డాడు. "మేడం, ఆవిడకి ఆరోగ్యం బాలేదు, పది రోజులుగా నిద్ర లేదు..."

"మీరు కూర్చోండి," అంది అధికారి. కలం మూత తీసి, కవరులోని పెన్సిలు అంకె మీద వేలు పెట్టింది. "పుస్తకం లేకపోతే ఈ పద్నాలుగు వందల పన్నెండు ఎవరి చేతికి వెళ్ళిందో ఎలా తెలుస్తుందమ్మా?"

చిన్నమ్మ ఆ అంకెను చూసింది. అది తన చేతి అంకే, రెండు అంకె చివర తోక కాస్త పైకి లేచి ఉంది. గుండీలక్కకి ఇచ్చిన కాగితం వెనక కూడా ఇదే తోక ఉంటుంది.

"పుస్తకం అక్కర్లేదండీ," అంది. "నాకు గుర్తుంది."